మాటల కన్నా ముందు వేలు చూపించాలి

“మగపిల్లాడు కదా, మాటలు ఆలస్యంగానే వస్తాయి.” “వాళ్ళ నాన్నకి నాలుగో ఏట వచ్చాయి, ఇప్పుడు ఆపమన్నా ఆపడు.” “కాస్త వస అరగదీసి నాలుక మీద రాయండి.” రెండేళ్ళు నిండినా మాట్లాడని పిల్లాడు ఇంట్లో ఉంటే, వీటిలో ఏదో ఒకటి వినని తల్లి ఉండదు. చెప్పేవాళ్ళు పిల్లాడి మేలు కోరేవాళ్ళే. చాలామంది విషయంలో ఆ మాట నిజమవుతుంది కూడా. రెండేళ్ళకి మాటలు లేక, మూడేళ్ళకి వసపిట్టలైపోయిన పిల్లల్ని నేనూ చూశాను.

నా బాధల్లా మనం చూడాల్సిన చోట చూడటం లేదనే. తెనాలిలో ఒక చిన్న ప్లేస్కూల్లో, ఏడాదిన్నర నుంచి మూడున్నరేళ్ళ లోపు పిల్లలతో చాలా ఏళ్ళుగా పనిచేస్తున్నాను. ఆటిజం (ఇంకో మనిషితో చూపూ, మాటా కలపడం కష్టమయ్యే ఎదుగుదల తేడా) ఉందేమో ఒకసారి చూపించండి అని మేం చెప్పాల్సి వచ్చిన పిల్లల తల్లిదండ్రులతో కూర్చుని మాట్లాడితే, పాత సంగతులు ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. “ఏడాది వయసులో కూడా పిలిస్తే పలికేవాడు కాదండి.” “టాటా చెప్పమంటే చెయ్యి ఊపేది కాదు.” “ఎంత ముద్దు చేసినా ముఖంలోకి చూసేవాడు కాదు.” మాటలు రాలేదన్న టెన్షన్ ఇంట్లో రెండున్నరేళ్ళకి మొదలవుతుంది. గుర్తులు అంతకు ఏడాది ముందే వచ్చి ఉంటాయి. నేను డాక్టర్ని కాదు, ఆటిజం ఉందనో లేదనో చెప్పే చదువు నాకు లేదు. ఒకే వయసు పిల్లల్ని పక్కపక్కన పెట్టుకుని రోజంతా చూసే పని మాత్రం నాది. అందులోంచి చెబుతున్నాను: మాటలు ఎప్పుడొస్తాయా అని ఎదురు చూడకండి, మాటల కన్నా ముందు రావాల్సినవి వచ్చాయో లేదో చూడండి.

అన్నిటికన్నా ముందు చూపుడువేలు. పిల్లలు వేలు చూపించేది రెండు పనుల కోసం. ఒకటి, కావాలని అడగడానికి. అలమరా మీద బిస్కెట్ డబ్బా ఉంటే అటు చూపించి మారాం చేస్తారు. రెండోది, చూడమని చెప్పడానికి. పిట్టగోడ మీదికి కోతి వచ్చిందనుకోండి. 14 నెలల పాప దాన్ని చూసి, వేలు చాచి “అ!” అంటుంది. వెంటనే వెనక్కి తిరిగి అమ్మ ముఖంలోకి చూస్తుంది. అమ్మ కూడా కోతిని చూసిందని తేల్చుకున్నాక మళ్ళీ అటు తిరుగుతుంది. ఆ పాపకి కోతి అక్కర్లేదు. తను చూసింది అమ్మ కూడా చూడాలి, అంతే. డాబా మీద వెన్నెల్లో గోరుముద్దలు తినిపిస్తూ చందమామని చూపించినప్పుడు జరిగేదీ ఇదే. మన వేలు ఎటు ఉందో అటు చూసి, తిరిగి మన కళ్ళలోకి చూసే పిల్లలకి ఒక వస్తువుని ఇంకో మనిషితో కలిసి చూడటం వచ్చేసినట్టు. మాట పుట్టేది అక్కడే. చందమామ వైపు ఇద్దరూ కలిసి చూసినప్పుడే గదా ‘చందమామ’ అన్న మాట దేని గురించో పిల్లాడికి తెలిసేది!

వేలు చూపించడం మామూలుగా ఏడాది అటూ ఇటూగా మొదలవుతుంది. ఏడాదిన్నర వచ్చినా, చూడమని చెప్పే ఆ రెండో రకం వేలు ఒక్కసారి కూడా కనబడకపోతే, మాటలు వచ్చినా రాకపోయినా డాక్టర్‌తో మాట్లాడాలి. కొందరు పిల్లలు వేలుకి బదులు మన చెయ్యే వాడతారు. మణికట్టు పట్టుకుని ఫ్రిజ్ దాకా లాక్కెళ్ళి, మన చేతిని హ్యాండిల్ మీద పెడతారు. ఈ పని జరుగుతున్నంతసేపూ మన ముఖం వైపు చూడరు. ఇంట్లోవాళ్ళు దీన్ని తెలివి అనుకుంటారు. తెలివే, కాదనను. కానీ అడిగేది చేతిని, మనిషిని కాదు. ఆ తేడా గమనించండి.

ఇంకో ఆట ఉంది, మన ఇళ్ళల్లో తెలియనివాళ్ళు ఉండరు. పిల్లల అరచేతిలో పప్పన్నం కలిపినట్టు చేసి, ఒక్కో వేలూ మడుస్తూ ఒక్కొక్కరికి ముద్ద పెట్టి, ఆఖరికి రెండు వేళ్ళు నడిపించుకుంటూ మోచేతి మీదుగా చంక దాకా తీసుకెళ్ళి చక్కిలిగిలి పెడతాం. రెండుసార్లు ఆడిన పిల్లలకి మూడోసారి మన వేళ్ళు మోచేతి దాకా రాకముందే నవ్వు మొదలవుతుంది. నవ్వుతూ మన ముఖమే చూస్తుంటారు. మధ్యలో ఆపేస్తే, ఆపావేం అన్నట్టు కళ్ళలోకి చూసి, చెయ్యి మళ్ళీ మన ముందు పెడతారు. మా దగ్గరికి వచ్చిన కొందరు పిల్లలు చక్కిలిగిలికి పకపకా నవ్వుతారు, మధ్యలో ఆపితే మాత్రం అటు తిరిగి వెళ్ళిపోతారు. ఏం రాబోతోందో అన్న ఆత్రం ముఖంలో ఉండదు. ఒక్కసారి చూసి ఏమీ అనుకోకూడదు, నిద్ర మత్తులో ఉన్నా, ఒంట్లో బాగోకపోయినా ఏ పిల్లలైనా అలాగే ఉంటారు. పది రోజులు ఆడినా అలాగే ఉంటే అది మనం పట్టించుకోవాల్సిన సంగతి.

పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడటం ఏడాది నిండేసరికి దాదాపు పిల్లలందరికీ వస్తుంది. ఇక్కడ ఇంట్లోవాళ్ళు తికమకపడే చోటొకటి ఉంది. పక్కనే కూర్చుని నాలుగుసార్లు పిలిచినా పలకని పిల్లాడు, టీవీలో తనకిష్టమైన యాడ్ వస్తే వంటింట్లోంచి పరుగెత్తుకొస్తాడు. “చెవులు భేషుగ్గా ఉన్నాయండి, వట్టి మొండి” అని నాన్నమ్మ తేల్చేస్తుంది. పాపం, ఆవిడ చూసింది నిజమే. కానీ రెండేళ్ళ లోపు పిల్లాడు నాలుగు పిలుపులకీ పలక్కపోతే మొండితనమని సరిపెట్టుకోకూడదు. వినికిడి పరీక్ష ఎలాగూ చేయించాలి. బెరా అని ఉంటుంది, పిల్లలు నిద్రలో ఉండగా చేస్తారు, నొప్పి ఉండదు. కొన్ని శబ్దాలు వినబడి కొన్ని వినబడని లోపాలూ ఉంటాయి కాబట్టి, యాడ్‌కి పరుగెత్తాడు గదా అని ఆ పరీక్ష మానేయకండి.

ఇవన్నీ నేను మా ప్లేస్కూల్ చూసి చెబుతున్న మాటలే కావు. 1994లో జూలీ ఆస్టర్లింగ్, జెరాల్డిన్ డాసన్ అనే ఇద్దరు అమెరికన్ పరిశోధకులు ఇళ్ళల్లో తీసిన మొదటి పుట్టినరోజు వీడియోలు సేకరించారు. తర్వాత ఆటిజం అని తేలిన 11 మంది పిల్లలవీ, మామూలుగా ఎదిగిన 11 మందివీ. రెండు జట్ల మధ్య తేడా కేకు కోసే రోజుకే కనబడింది. వేలు చూపించడం, వస్తువు తెచ్చి చూపించడం, మనుషుల ముఖాలు చూడటం, పేరు పిలిస్తే తిరగడం. తేడా ఈ నాలుగింటిలోనే. ఏడాది పిల్లలు కాబట్టి మాటల ప్రసక్తే లేదు. మొదటి పుట్టినరోజుకి ఫంక్షన్ హాలు తీసుకుని వీడియో తీయించని ఇల్లు మన దగ్గర తక్కువ. అనుమానం ఉన్నవాళ్ళు ఒకసారి ఆ వీడియో మళ్ళీ పెట్టుకోండి. అయితే అంత జనం, అంత చప్పుడు మధ్య ఏ పిల్లలైనా బిత్తరపోతారు. హాల్లో తీసిన దానికన్నా, ఆ రోజుల్లో ఇంట్లో ఫోన్‌తో తీసుకున్న చిన్న చిన్న వీడియోలు ఎక్కువ చెబుతాయి.

బొమ్మ కారు తిరగేసి చక్రం తిప్పుతూ కూర్చోవడం, వస్తువులు వరస పేర్చడం, చేతులు టపటపా ఆడించడం, మునివేళ్ళ మీద నడవడం గురించి ఇప్పుడు అందరూ వినే ఉంటారు. వీటిని చూసి బెంబేలెత్తిపోయేవాళ్ళు ఎక్కువయ్యారు. చక్రం తిప్పని పిల్లలు ఎవరు? ఆ ఆటలోకి మీరు వెళ్ళగలుగుతున్నారా లేదా అన్నది నేను చూస్తాను. చక్రం మీద చెయ్యి పెట్టి “ఆగింది!” అంటే పిల్లాడు మీవైపు చూస్తాడా, లేక మీ చెయ్యి తీసిపారేసి మళ్ళీ తిప్పుకుంటాడా? బొమ్మకి బువ్వ పెట్టడం, ఖాళీ గ్లాసుతో నీళ్ళు తాగినట్టు నటించడం వచ్చాయా? కుక్కర్ విజిల్‌కో మిక్సీకో చెవులు మూసుకుని వణికిపోవడం, తెల్లగా ఉన్న అన్నం తప్ప రంగున్నదేదీ నోట పెట్టకపోవడం, క్షౌరం అంటే గుండెలవిసేలా ఏడవడం ఒక్కొక్కటిగా చూస్తే మామూలే. పైన చెప్పిన వేలు, చూపు, పిలుపుల లోటుతో కలిసి వచ్చినప్పుడు వాటికి బరువు పెరుగుతుంది.

ఒక్క గుర్తు మాత్రం దేనితో కలిసినా కలవకపోయినా వెంటనే కదలాల్సింది. వచ్చిన మాటలు పోవడం. అమ్మ, తాత, బువ్వ, కాకి అంటూ పది మాటలు చెప్పిన పిల్లాడు ఏడాదిన్నర దాటాక ఒక్కొక్కటే వదిలేస్తాడు. నెల తిరిగేసరికి ఇల్లు నిశ్శబ్దమైపోతుంది. ఆటిజం ఉన్న పిల్లల్లో మూడో వంతు దాకా ఇలా వెనక్కి వెళ్ళడం ఉంటుందని వైద్యులు చెబుతారు. “దిష్టి తగిలింది, జ్వరం వచ్చి తగ్గాక ఇలా అయ్యాడు” అని వారాలు గడిపేస్తారు. దిష్టి తీసుకోండి, ఎవరూ వద్దనరు. ఆ వారంలోనే డాక్టర్ దగ్గరికీ వెళ్ళండి.

ఇప్పుడు చెప్పబోయేది కొందరు తల్లిదండ్రులకి కష్టం కలిగిస్తుందని తెలిసే రాస్తున్నాను. అడ్మిషన్‌కి వచ్చినప్పుడు “మావాడికి ఏ టూ జెడ్ వచ్చండి, వంద దాకా అంకెలు చెబుతాడు, కార్ల కంపెనీల బొమ్మలన్నీ గుర్తుపడతాడు” అని ముఖమంతా వెలుగుతో చెబుతారు. పిల్లాడు నిజంగానే చెబుతాడు, రాగం తప్పకుండా రైములు పాడతాడు. కాసేపటికి దాహం వేస్తే, బాటిల్ పక్కన నిలబడి ఏడుస్తాడు. “నీళ్ళు” అనడు, చూపించడు, ఎవరివైపూ చూడడు. “నీ పేరేంటి నాన్నా?” అంటే “నీ పేరేంటి నాన్నా?” అని మన మాటే మనకి అప్పజెబుతాడు. నూరు మాటలు వచ్చిన ఆ నోటితో ఇంకో మనిషికి ఒక్క కబురూ చేరడం లేదు. ఆ పిల్లాడి జ్ఞాపకశక్తి గొప్పదే, ముందు ముందు అదే అతనికి ఆసరా కావచ్చు. అయినా ‘మాటలు వచ్చేశాయి’ అని ఇంట్లోవాళ్ళు ధీమాగా ఉండిపోవడం వల్ల, అసలు మాటలే లేని పిల్లాడి కన్నా ఇతనికి సాయం ఆలస్యంగా అందుతుంది.

ఆడపిల్లల విషయంలోనూ ఇలాగే ఆలస్యమవుతుంది. అమెరికా లెక్కల ప్రకారం ఎనిమిదేళ్ళ పిల్లల్లో 31 మందిలో ఒకరికి ఆటిజం గుర్తిస్తున్నారు, అందులో మగపిల్లలు ఆడపిల్లలకి మూడు రెట్లకు పైనే. కానీ బుద్ధిగా ఒక మూల కూర్చున్న పాపని “ఎంత నెమ్మదస్తురాలో” అని మెచ్చుకునే ఊళ్ళల్లో, ఎంతమంది ఆడపిల్లలు లెక్కలోకే రాకుండా పోతున్నారో ఆలోచించండి.

ఎం-చాట్-ఆర్ అని ఒక ప్రశ్నల కాగితం ఉంది. 16 నుంచి 30 నెలల పిల్లల కోసం తయారుచేసింది, డబ్బు కట్టక్కర్లేదు. మొత్తం 20 ప్రశ్నలు, అవుననో కాదనో చెబితే చాలు. మొదటి ప్రశ్నే, గదిలో అవతల ఉన్న వస్తువుని మీరు వేలితో చూపిస్తే పిల్లాడు అటు చూస్తాడా అని. అడగడానికి వేలు చూపిస్తాడా అన్నది వేరే ప్రశ్న, చూడమని చెప్పడానికి చూపిస్తాడా అన్నది వేరే ప్రశ్న. ఎన్ని మాటలు వచ్చు అని అడిగే ప్రశ్న ఆ ఇరవైలో ఒక్కటీ లేదు. నా వాదన అంతా ఆ కాగితంలోనే ఉంది. అనుమానం కలిగించే ప్రతి జవాబుకీ ఒక మార్కు. రెండు మార్కుల దాకా వస్తే అనుమానం తక్కువ, 3 నుంచి 7 దాకా అయితే ఆ జవాబుల మీదే ఇంకొంచెం లోతుగా అడగాలి, 8 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే నేరుగా పరీక్షకి పంపాలి. ఎక్కువ మార్కులు వచ్చినంత మాత్రాన ఆటిజం అని కాదు. అలా వచ్చి ఆటిజం కాదని తేలిన పిల్లల్లో కూడా చాలామందికి మాటలోనో ఎదుగుదలలోనో ఏదో ఒక సాయం అవసరమవుతుంది. వెళ్ళినందుకు నష్టం లేదు.

అమెరికా పిల్లల వైద్యుల సంఘం 18, 24 నెలల చెకప్పుల్లో ప్రతి బిడ్డకీ ఆటిజం స్క్రీనింగ్ చేయమంటుంది. మన దగ్గర 16 నుంచి 24 నెలల మధ్య డీపీటీ బూస్టర్‌కీ, ఎంఆర్ రెండో డోసుకీ పిల్లల్ని ఎలాగూ తీసుకెళ్తాం. టీకా వేసి పంపించే ఆ రోజే, తల్లిని ఐదు నిమిషాలు కూర్చోబెట్టి ఈ ప్రశ్నలు అడిగితే ఎంత బాగుంటుంది! మాటలు పోవడం కూడా సరిగ్గా ఆ వయసులోనే జరుగుతుంది కాబట్టి, టీకా వల్లే అయిందని అనుకునేవాళ్ళు ఉన్నారు. అలా అనుమానం రేపిన వ్యాసం 1998లో లాన్సెట్ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చింది. దాన్ని ఆ పత్రికే 2010లో వెనక్కి తీసుకుంది. రాసిన డాక్టర్ పేరుని బ్రిటన్‌లో వైద్యుల జాబితాలోంచి తీసేశారు. టీకాలు మానకండి.

మరి ఆగితే ఏమవుతుంది, చాలామందికి వాటంతట అవే వస్తాయి గదా అంటారు. వస్తాయి. కానీ ఎవరికి వస్తాయో ఎవరికి రావో ఇంట్లో కూర్చుని ఎవరూ చెప్పలేరు. వేలు చూపిస్తూ, చెప్పింది అర్థం చేసుకుంటూ, సైగలతో ఇల్లంతా ఆడించే పిల్లాడికి మాట ఆలస్యమైతే నేను కంగారుపడను. అతన్నీ చూపించమంటాను, గొంతులో భయం లేకుండా. సైగా లేక, చూపూ లేక, మాటా లేని పిల్లాడి విషయంలో ‘మూడేళ్ళ దాకా చూద్దాం’ అనడం అన్యాయం. రెండేళ్ళకే అనుభవమున్నవాళ్ళు ఆటిజాన్ని నమ్మకంగా గుర్తించగలరు. మెదడు అన్నిటికన్నా వేగంగా కొత్తవి నేర్చుకునే ఏడాదిని ఎదురుచూపుల్లో పోగొట్టుకోకూడదు. మొదటి బిడ్డకి ఆటిజం ఉన్న ఇళ్ళల్లో రెండో బిడ్డకి వచ్చే అవకాశం ఐదుగురిలో ఒకరికి దాకా ఉంటుంది. వాళ్ళయితే తొమ్మిదో నెల నుంచే గమనించుకోవాలి.

ఆలస్యానికి ఇంకో పెద్ద కారణం తల్లి మీద పడే నింద. 1943లో లియో కానర్ అనే డాక్టర్ ఆటిజం ఉన్న 11 మంది పిల్లల గురించి రాసిన తర్వాత, తల్లి ప్రేమ చాలక పిల్లలు ఇలా అవుతారని పెద్ద చదువులు చదివినవాళ్ళే చాలాకాలం నమ్మారు. కొడుక్కి ఆటిజం ఉన్న బెర్నార్డ్ రిమ్లాండ్ అనే సైకాలజిస్టు 1964లో దాన్ని గట్టిగా ఖండించాడు. ఈ రోజు ఆ సిద్ధాంతాన్ని ఏ డాక్టరూ ఒప్పుకోడు. మన ఇళ్ళల్లో మాత్రం అది బతికే ఉంది. “ఉద్యోగానికి వెళ్ళింది.” “ఫోన్ చేతికిచ్చి వంట చేసుకుంది.” “కడుపుతో ఉన్నప్పుడు ఏడ్చింది.” ఇవి విన్న తల్లి, అనుమానం వచ్చినా నోరు విప్పదు. విప్పితే ఆ నేరం తనదే అవుతుందని ఆమెకి తెలుసు. ఆటిజంలో జన్యువుల పాత్ర చాలా ఎక్కువ, పెంపకం వల్ల అది రాదు.

ఫోన్ గురించి విడిగా చెప్పాలి. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ళ లోపు పిల్లలకి స్క్రీనే వద్దంటుంది, నేనూ అదే అంటాను. ఫోన్ తగ్గించి, ఆ టైములో పిల్లాడితో ఆడితే ఏ పిల్లాడికైనా మేలే. కానీ “ఫోన్ వల్లే, ఆపేసి ఆర్నెల్లు చూద్దాం” అని డాక్టర్ని వాయిదా వేసుకోవడం మాత్రం వద్దు. ఫోన్ ఈ రోజే ఆపండి, అపాయింట్‌మెంటూ ఈ రోజే తీసుకోండి.

అమెరికాలో ఉన్న మా చుట్టాల్లో ఒక అమ్మాయి, ఇంట్లో తెలుగు, బయట ఇంగ్లీషు కావడం వల్లే బాబు తికమకపడుతున్నాడని ఎవరో చెబితే తెలుగు మానేసింది. రెండు భాషలు వినడం వల్ల ఆటిజం రాదు, ఉన్న ఆటిజం ఎక్కువా కాదు. తల్లి తనకి హాయిగా వచ్చిన భాషలో ముద్దు చేస్తేనే పిల్లాడికి అందేది ఎక్కువ. అక్కడ మూడేళ్ళ లోపు పిల్లలకి ఎర్లీ ఇంటర్వెన్షన్ అని, ఎదుగుదలలో వెనకబడినవాళ్ళకి చిన్నప్పుడే సాయం అందించే ప్రభుత్వ ఏర్పాటు ఉంది. డాక్టర్ చీటీ లేకుండా తల్లిదండ్రులే ఫోన్ చేసి పరీక్ష చేయమని అడగొచ్చు.

మన దగ్గర ఎక్కడికి వెళ్ళాలని అందరూ అడుగుతారు. మొదట మీ పిల్లల డాక్టర్. ఆయన “చూద్దాంలే” అంటే, ఎదుగుదల విషయాలు చూసే డెవలప్‌మెంటల్ పీడియాట్రీషియన్ దగ్గరికి పంపమని మర్యాదగానే పట్టుబట్టండి. ప్రభుత్వంలో 2013 నుంచి పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఉంది. దాని వైద్య బృందాలు అంగన్‌వాడీలకి ఏడాదికి రెండుసార్లు వెళ్ళి పిల్లల్ని చూడాలి, అవసరమైనవాళ్ళని జిల్లాలోని డీఈఐసీకి, అంటే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రానికి పంపాలి. మాలాంటి ప్లేస్కూళ్ళకి ఆ బృందం రాదు కాబట్టి, ఇక్కడ చూసే బాధ్యత మా మీదే ఉంది. సికింద్రాబాద్ బోయిన్‌పల్లిలో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థని ఇప్పుడు ఎన్ఐఈపీఐడీ అంటున్నారు. మన దేశంలో ఆటిజం తీవ్రత కొలిచే ‘ఇసా’ స్కేలు తయారైంది అక్కడే. చిన్నపిల్లల కోసం 2021లో కేంద్రం తెరిచిన ఎర్లీ ఇంటర్వెన్షన్ కేంద్రాల్లో ఒకటి అక్కడ, ఒకటి నెల్లూరులో ఉన్నాయి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఆటిజం పేరు స్పష్టంగా ఉంది. వైకల్య సర్టిఫికెట్ తీసుకుంటే ముద్ర పడిపోతుందని భయపడేవాళ్ళు, థెరపీ మొదలుపెట్టడానికి సర్టిఫికెట్ అక్కర్లేదన్నది గుర్తుపెట్టుకుంటే చాలు.

‘పూర్తిగా నయం చేస్తాం’ అన్న బోర్డు కనబడితే ఆ మెట్లు ఎక్కకండి. ఆటిజానికి స్టెమ్ సెల్ (మూలకణాల) చికిత్సని సిఫారసు చేయలేమని 2022లో డాక్టర్ల మీద అజమాయిషీ ఉన్న నేషనల్ మెడికల్ కమిషన్ వైపు నుంచే స్పష్టంగా వచ్చింది. అయినా పొలం అమ్మి ఆ చికిత్సలకి పెట్టినవాళ్ళు ఉన్నారు, తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. పనిచేసేవి ఇంత ఖరీదైనవీ కావు, ఇంత మెరుపువీ కావు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ 65 మంది పిల్లలతో చేసిన ఒక పరిశోధన ఫలితాలు 2016లో వచ్చాయి. పెద్ద నిపుణులు కాని మామూలు ఆరోగ్య కార్యకర్తలే, తల్లీబిడ్డలు ఆడుకుంటుండగా వీడియో తీసి, దాన్ని తల్లికే చూపించి, పిల్లాడి చూపు ఎటుంటే అటు వెళ్ళి మాట కలపడం నేర్పించారు. తల్లులు మాట కలిపే తీరు మెరుగైంది, పిల్లలు తామే చొరవ తీసుకుని పలకరించడం పెరిగింది.

మా దగ్గర అనుమానం వచ్చిన పిల్లల తల్లిదండ్రులకి మేం ఆటిజం అన్న మాటతో మొదలుపెట్టం. తల్లిని ఒక పూట క్లాసులో కూర్చోమంటాం. ఏం చూశావమ్మా అని ఆమెనే అడుగుతాం. సగం మంది తల్లులకి అప్పటికే తెలిసి ఉంటుంది, ఒప్పుకునే మనిషి కోసం చూస్తుంటారు. తర్వాత తండ్రినీ, కుదిరితే నాన్నమ్మనీ పిలుస్తాం. ఇంటి నిర్ణయం చాలాసార్లు ఆవిడ చేతిలోనే ఉంటుంది, ఆవిడ సరే అంటే మర్నాడే బయల్దేరతారు.

వెళ్ళే ముందు ఫోన్‌లో వీడియోలు తీసి పెట్టుకోండి. ఆసుపత్రిలో పిల్లాడు నిద్రపోవచ్చు, లేదా ఏడుపు ఆపకపోవచ్చు. వెనక నుంచి పేరు పిలిచినప్పుడు, మీరు వేలితో దేన్నైనా చూపించినప్పుడు, చక్కిలిగిలి ఆట మధ్యలో ఆపినప్పుడు, తన మానాన తను ఆడుకుంటున్నప్పుడు, ఒక్కోటి రెండు నిమిషాలు చాలు. మాటలు పోయి ఉంటే ఏ మాటలు పోయాయో, ఏ నెలలో పోయాయో కాగితం మీద రాయండి. స్పెషలిస్టు అపాయింట్‌మెంట్‌కి చాలా రోజులు ఆగాల్సి వస్తే, ఈలోగా వినికిడి పరీక్ష చేయించేయండి. మొదటిసారి వెళ్ళినప్పుడు వాళ్ళు అడిగే రిపోర్టుల్లో అదొకటి, చేతిలో లేకపోతే దాని కోసం మళ్ళీ వెనక్కి పంపిస్తారు.